కృష్ణ దాటే బండి, దాటని బండి

విజయవాడలో కొత్తగా లైసెన్సు చేతికొచ్చిన ఏ ఇంట్లోనైనా బండి గురించి జరిగే వాదన ఇంచుమించు ఒకేలా ఉంటుంది. నాన్న మైలేజీ అంటాడు, రీసేల్ అంటాడు, చివరికి స్ప్లెండర్ దగ్గర ఆగుతాడు. అబ్బాయి లుక్కు అంటాడు, పికప్ అంటాడు, ఫోన్లో రీల్స్ చూసి చూసి ఖాయం చేసుకున్న బండి పేరు చెబుతాడు. గేర్ల బండి అడిగింది అమ్మాయయితే అదనంగా ఇంకో మాట కూడా వినాలి: "నీకు స్కూటీ చాలదా?"

రెండు పక్షాల వాదనలోనూ పస ఉంది. పెట్రోలు లీటరు 110 రూపాయలకు అటూఇటూగా ఉన్న ఊళ్లో మైలేజీ చిన్న విషయం కాదు. రోజూ ఎక్కే బండి నచ్చాలని కోరుకోవడమూ తప్పు కాదు. అయితే ఈ వాదనలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. బెంజి సర్కిల్ కింద ఎర్ర లైటు పడి, ముందు సిటీ బస్సు, పక్కన ఆటో, వెనక హారన్ల మోత ఉన్నప్పుడు, హాఫ్ క్లచ్ మీద అంగుళం అంగుళం జరుగుతూ ఆ బండిని ఈ మనిషి నిలబెట్టగలడా? మొదటి ఏడాది కష్టమంతా అక్కడే ఉంటుంది, ఖాళీ రోడ్డు మీద ఎనభై కొట్టడంలో కాదు.

మన ఇళ్లలో బండి అంటే ఒకసారి కొని, అరిగేదాకా వాడి, తర్వాత తమ్ముడికో బావమరిదికో ఇచ్చే వస్తువు. అందుకే "ఇప్పుడు చిన్నది కొని రెండేళ్లకు మళ్లీ మార్చడమెందుకు, ఏకంగా పెద్దదే తీసుకో" అనే సలహా తెలివైనదిగా వినిపిస్తుంది. తెలివైనది కాదు. పదేళ్లు నడిపిన చేతికి సరిపోయే బండి, నెల క్రితం ఎనిమిది ఆకారంలో తిప్పి టెస్టు పాసైన చేతికి సరిపోదు. మొదటి బండిని నేర్చుకోవడానికి కొంటున్నామని ముందే ఒప్పుకుంటే ఎంపిక సగం తేలికవుతుంది.

షోరూంకి వెళ్లేముందు లైసెన్సు కార్డును ఒకసారి తిప్పి చూడటం మంచిది. యాక్టివా లాంటి గేర్లు లేని బండి మీద టెస్టు ఇచ్చినవాళ్లకు ఆ తరగతి మాత్రమే వచ్చి ఉండొచ్చు. ఆ కార్డుతో గేర్ల బండి నడిపితే చట్టం దృష్టిలో లైసెన్సు లేనట్టే. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందుగా పట్టుకునేదీ దాన్నే. ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే తాత్కాలిక లైసెన్సు) మీద ఉన్నవాళ్లు (అది 6 నెలలు చెల్లుతుంది, 30 రోజుల తర్వాతే అసలు టెస్టు) ఎల్ బోర్డు పెట్టుకోవాలి. వెనక సీట్లో నేర్పే మనిషిని తప్ప స్నేహితుణ్ని ఎక్కించుకోకూడదు. పద్దెనిమిది నిండని పిల్లలకు గేర్ల బండి కొనిచ్చే తల్లిదండ్రుల సంగతి వేరే చెప్పాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు పడే వీలుంది. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది.

ఇక అసలు విషయం బరువు. సీసీల గురించి అందరూ మాట్లాడతారు, కిలోల గురించి ఎవరూ మాట్లాడరు. హోండా షైన్ 100 బరువు 99 కిలోలు. స్ప్లెండర్ ప్లస్ 112. టీవీఎస్ రైడర్ 125 బరువు 123. హీరో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్, యమహా ఎఫ్‌జెడ్‌లు 136 దగ్గర ఉంటాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350కి వచ్చేసరికి అది 181, క్లాసిక్ 350కి 195. అంటే షైన్ 100కూ క్లాసిక్‌కూ మధ్య తేడా ఒక నిండు మనిషి బరువు కంటే ఎక్కువే. కదులుతున్నప్పుడు ఈ బరువు తెలియదు, నిజానికి బరువైన బండి హైవే మీద నిలకడగా కూడా అనిపిస్తుంది. తెలిసేదల్లా ఆగినప్పుడు, ఆగబోతున్నప్పుడు, యూటర్న్ తీసుకుంటున్నప్పుడు, ఇంటి ముందు ర్యాంపు మీదికి తోస్తున్నప్పుడు. కొత్తవాళ్లు బండిని ఎక్కువగా పడేసేది నడక వేగంలోనే. పది డిగ్రీలు ఒరిగిన 110 కిలోల బండిని కాలితో ఆపొచ్చు. 190 కిలోల బండి ఒరగడం మొదలుపెడితే దాని కింద కాలు పెట్టకుండా పక్కకు తప్పుకోవడమే మంచిది.

వన్‌టౌన్ సందుల్లో, కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర, బీసెంట్ రోడ్డు పక్క వీధుల్లో బండి నడపడమంటే చాలామట్టుకు ఆగడం, కదలడం, మళ్లీ ఆగడమే. మే నెలలో నలభై దాటిన ఎండలో ఆ పని చేస్తుంటే పెద్ద ఎయిర్‌కూల్డ్ ఇంజన్ వేడి మోకాళ్లకు తగులుతుంటుంది. ఇది బ్రోషర్లో ఉండదు.

సీటు ఎత్తును అంకె చూసి తేల్చుకోవద్దు. రైడర్ 125 సీటు 780 మిల్లీమీటర్లు, స్ప్లెండర్‌ది 785, క్లాసిక్ 350ది 805, యమహా ఆర్15ది 815. కాగితం మీద తేడా మూడున్నర సెంటీమీటర్లే. కానీ సీటు ముందు భాగం సన్నగా ఉంటే కాలు తిన్నగా కిందికి దిగుతుంది, వెడల్పుగా ఉంటే తొడల దగ్గరే ఎడమైపోయి మడమ గాల్లో ఉంటుంది. ఐదడుగుల రెండంగుళాల మనిషి కూర్చుంటే రెండు పాదాల ముందు సగమైనా గట్టిగా ఆనాలి. మన రోడ్లు మధ్యలో ఎత్తుగా, అంచుల్లో వాలుగా ఉంటాయి కాబట్టి ఎడమ పక్కకు ఆపినప్పుడు ఆ ఎడమ కాలికి ఇంకో అంగుళం లోతు దొరుకుతుంది. పొట్టివాళ్లు బోల్తా పడేది ఎక్కువగా అక్కడే.

100 సీసీనా, 125నా, 150నా అనే ప్రశ్నకు ఈ ఊళ్లో ఒక సులువైన జవాబుంది. రోజూ కృష్ణ దాటాలా, వద్దా?

దాటనివాళ్లంటే పటమట నుంచి గవర్నర్‌పేటకు, గుణదల నుంచి లయోలాకు, భవానీపురం నుంచి వన్‌టౌన్‌కు, కానూరులో ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లి వచ్చేవాళ్లు. వీళ్లకు గంటకు నలభై కిలోమీటర్లు దాటే అవకాశం రోజులో ఏ కొన్ని నిమిషాలో దొరుకుతుంది. 97 సీసీ ఇంజన్, 8 హార్స్‌పవర్ వాళ్లకు సరిపోతాయి. నాన్న చెప్పిన స్ప్లెండర్ ఇక్కడ నెగ్గుతుంది, అయితే ఆయన చెప్పిన కారణాలతో కాదు. తేలిక, తక్కువ ఎత్తు, క్లచ్ వదలగానే గుంజకుండా మెల్లగా అందుకునే ఇంజన్, ఊళ్లో ఏ చెట్టు కింద మెకానిక్కైనా విప్పి బిగించగలగడం దాన్ని గెలిపిస్తాయి. మైలేజీ వాటి తర్వాత వచ్చే లాభం.

దాటేవాళ్లలో రెండు రకాలు. ప్రకాశం బ్యారేజీ మీదుగా సీతానగరం, ఉండవల్లి వైపు వెళ్లేవాళ్లను దాటనివాళ్లలోనే కలిపెయ్యొచ్చు. బ్యారేజీ మీద భారీ వాహనాలకు ప్రవేశం లేదు, నడిచే వేగం కూడా తక్కువే. కనకదుర్గమ్మ వారధి (కృష్ణ మీద హైవే వంతెన) ఎక్కి జాతీయ రహదారి 16 మీదుగా మంగళగిరికో, వడ్డేశ్వరంలో కాలేజీకో, ఇంకా ముందుకు గుంటూరుకో రోజూ పోయేవాళ్లది మాత్రం వేరే లెక్క. అది చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే రోడ్డు. కంటైనర్ లారీలు, ఆర్టీసీ బస్సులు, కార్లు డెబ్బై, ఎనభై దాటి పోతుంటాయి. ఆ ప్రవాహంలో 100 సీసీ బండి డెబ్బై వరకు బాగానే వెళ్తుంది, ఆ తర్వాత ముక్కుతుంది. లారీని దాటేస్తుండగా మధ్యలో ఇంకాస్త వేగం కావాల్సి వస్తే దాని దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగిలి ఉండదు. వెనక ఒక మనిషి, ఎదురుగాలి తోడైతే మరీను. అలాంటప్పుడు 125 సీసీ బండి ఇచ్చే 11 హార్స్‌పవర్ విలాసమేమీ కాదు. 8కీ 11కీ తేడా మూడే అనిపిస్తుంది, కానీ అరవై నుంచి ఎనభైకి చేరడానికి పట్టే సమయంలో ఆ మూడూ బాగా కనబడతాయి.

మరి 150 నుంచి 160 వాళ్లో? వారధి మీదుగా రోజూ గుంటూరు వెళ్లి వచ్చేవాళ్లకు, అదీ ఒక వానాకాలం చిన్న బండి మీద గడిపాక, ఆ తరగతి న్యాయంగానే ఉంటుంది. 200 సీసీ పైన ఉండే స్పోర్ట్స్ తరహా బళ్లు మొదటి బండిగా వద్దు. వేగం భయం వల్ల చెబుతున్న మాట కాదిది. వాటి థ్రాటిల్ చాలా చురుకు, గుంతలో పడి మణికట్టు అనుకోకుండా తిరిగితే బండి ముందుకు దూకుతుంది. చెయ్యి స్థిరపడని మనిషికి తప్పు చేసి దిద్దుకునే వ్యవధి కావాలి, ఆ బళ్లు దాన్ని ఇవ్వవు.

125 సీసీ అనే గీతకు ఇంకో ప్రాముఖ్యం కూడా ఉంది, దాన్ని చాలామంది గమనించరు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరైంది. 125, అంతకు తక్కువ బళ్లకు సీబీఎస్ ఉంటే చాలన్నారు. సీబీఎస్ అంటే కాలి బ్రేకు తొక్కినప్పుడు వెనక చక్రంతో పాటు ముందు బ్రేకు కూడా కొంత పట్టడం. ఏబీఎస్ అంటే ఎంత గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. ఈ రెండూ ఒకటి కావు. సీబీఎస్ ఉన్న బండి చక్రం కూడా బిగుసుకుంటుంది, తడి రోడ్డు మీద జారుతుంది.

అలాగని సీబీఎస్‌ను తీసిపారేయక్కర్లేదు. మన ఇళ్లలో బండి నేర్పేటప్పుడు చెప్పే మొదటి మాట, "ముందు బ్రేకు పట్టకు, పల్టీ కొడతావ్." తరాలుగా వస్తున్న ఈ సలహా వల్ల జనం కాలి బ్రేకు మీదే బతుకుతున్నారు. నిజానికి బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వాలుతుంది, బండిని ఆపే శక్తిలో ఎక్కువ వాటా ముందు చక్రానిదే. కాలి బ్రేకు ఒక్కటే తొక్కే అలవాటును చట్టం మార్చలేదు. ఆ అలవాటుతోనే ముందు బ్రేకు కూడా పడేలా ఏర్పాటు చేసింది. కొత్తవాళ్లకు అది మేలే. అయితే ఖాళీ లేఅవుట్‌లో ఒక గంటసేపు, ముప్పై వేగంలో, ముందు బ్రేకును మెల్లగా పిండుతూ ఆపడం నేర్చుకుంటే వచ్చే మేలు అంతకంటే పెద్దది. ఉన్నట్టుండి లాక్కోకూడదు, నిమ్మకాయ పిండినట్టు పిండాలి.

125 తరగతిలో కూడా ఏబీఎస్ దొరకడం ఈమధ్య మొదలైంది. 2024లో వచ్చిన ఎక్స్‌ట్రీమ్ 125ఆర్ పై వేరియంట్‌లో ముందు చక్రానికి ఏబీఎస్ ఇచ్చారు. అలాయ్ చక్రాలకూ, బ్లూటూత్ మీటరుకూ, స్టిక్కర్లకూ పెట్టే అదనపు డబ్బును ఆ ఒక్కదాని మీద పెట్టడం మంచి బేరం. డిస్కా, డ్రమ్మా అన్న చోట కూడా అంతే, ముందు డిస్కు ఉన్న వేరియంట్‌కు ఓటు వెయ్యాలి. వెనక డ్రమ్ము ఉన్నా పెద్దగా నష్టం లేదు.

డబ్బు లెక్కలో ఇంకో గీత 150 దగ్గర ఉంది. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ వరకు ఆ ఐదేళ్ల ప్రీమియం 3,851 రూపాయలు, 150 దాటి 350 వరకు 7,365 రూపాయలు, పన్ను అదనం. 149 సీసీ ఎఫ్‌జెడ్ కొన్నవాళ్లు మొదటి గుంపులో ఉంటారు. 155 సీసీ ఆర్15 కొన్నవాళ్లు, 160 సీసీ అపాచీ కొన్నవాళ్లు రెండో గుంపులో పడతారు. 149 సీసీ బండికి 125 దాటింది కాబట్టి ఏబీఎస్ వస్తుంది, 150 దాటలేదు కాబట్టి బీమా తగ్గుతుంది. వారధి దాటేవాళ్లు ఈ సందును గుర్తుపెట్టుకోవచ్చు.

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బళ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అందరికీ మంచిదే, కానీ తగ్గింపు శాతాల్లో ఉంటుంది కాబట్టి పెద్ద బండికి రూపాయల్లో ఎక్కువ కనబడుతుంది. 80 వేల బండికి ఆరేడు వేలు తగ్గితే, రెండు లక్షల బండికి పదిహేను వేలకు పైగా తగ్గింది. "సార్, ఇంత తగ్గినప్పుడు కూడా చిన్నదేనా" అని అడగడానికి సేల్స్‌మాన్‌కు దొరికిన మాట అదే. నెల వాయిదా తేడా వెయ్యేనని చూపిస్తాడు కూడా. ఆ వెయ్యి పక్కన పెట్రోలు తేడా రాసుకోవాలి. రోజుకు ముప్పై కిలోమీటర్లు, నెలకు పాతిక రోజులు తిరిగితే 750 కిలోమీటర్లు. లీటరుకు 60 ఇచ్చే బండికి నెలకు దాదాపు 1,400 రూపాయలు, 35 ఇచ్చే బండికి 2,350 దాకా అవుతుంది. టైర్లు, సర్వీసు, స్పేర్లు కూడా ఆ దామాషాలోనే పెరుగుతాయి. లైఫ్ ట్యాక్సు బండి ధర మీద లెక్కేస్తారు, అదీ పెరుగుతుంది. ఆన్‌రోడ్ ధరలో "హ్యాండ్లింగ్", "యాక్సెసరీస్" అని రాసిన వరుసలేవైనా ఉంటే, అవి దేనికో అడిగి, అక్కర్లేనివి కొట్టించెయ్యాలి.

సెకండ్ హ్యాండ్ మాటేమిటి? మొదటి బండికి గీతలు పడతాయి, లివర్లు వంగుతాయి, ఇండికేటర్ విరుగుతుంది. ఇవన్నీ నలభై వేల బండికి జరగడం, లక్ష రూపాయల బండికి జరగడం ఒకటి కాదు. కాబట్టి పాతది కొనాలన్న ఆలోచన మంచిదే, రెండు తేదీలు మాత్రం చూడాలి. 2019 ఏప్రిల్‌కు ముందు తయారైన బండికి సీబీఎస్ గానీ ఏబీఎస్ గానీ ఉండకపోవచ్చు. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 అనే కొత్త కాలుష్య ప్రమాణం వచ్చింది. ఆ తర్వాతి బళ్లకు దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది, చలి ఉదయం చోక్ లాగే పని లేదు, సిగ్నల్ దగ్గర ఆగిపోవడం తక్కువ. ఐదువేలు ఎక్కువైనా 2020 తర్వాతి బండినే చూడటం మేలు.

ఈ ఊళ్లో ప్రత్యేకంగా చూడాల్సిన తేదీ ఇంకొకటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ఇళ్ల ముందు నిలిపిన బళ్లు హ్యాండిల్ దాకా మునిగాయి. వాటిలో చాలావాటిని యజమానులు ఇంజన్ విప్పించి, ఆయిల్ మార్పించి, వైరింగ్ సరిచేయించి ఇప్పటికీ నడుపుతున్నారు. అలా బాగుచేసిన బండి చెడ్డదేమీ కాదు. పైపైన కడిగి, పాలిష్ కొట్టి, మునిగిన సంగతి చెప్పకుండా అమ్మే బండితోనే ఇబ్బంది. సీటు ఎత్తి కింద మూలల్లో ఎండిన బురద గీతలున్నాయేమో చూడాలి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిపించాలి. వైరింగ్ కప్లర్లు ఒకటి రెండు ఊడదీస్తే రాగి పిన్నుల మీద పచ్చటి చిలుము కనబడుతుంది. మీటరు గాజు లోపల తేమ మరక, పెట్రోలు ట్యాంకు లోపల తుప్పు, హెడ్‌లైట్ గిన్నెలో మసక కూడా చూడాలి. ఇంజెక్షన్ బళ్లలో సెన్సర్లు, కంప్యూటర్ పెట్టె నీళ్లకు పాడైతే ఆ ఖర్చు వేలల్లో ఉంటుంది, అదీ కొన్న నెల తర్వాత బయటపడుతుంది. నమ్మకమైన మెకానిక్కుకు ఐదొందలిచ్చి వెంట తీసుకెళ్లడం దండగ కాదు.

ముందు ఫోర్కుల దగ్గర ఆయిల్ కారుతోందా, చైను తిరిగే చక్రం పళ్లు కొక్కేల్లా వంగాయా, హ్యాండిల్ వదిలితే బండి ఒక పక్కకు లాగుతోందా అన్న మామూలు పరీక్షలు ఎటూ ఉన్నవే. సి బుక్కులో ఫైనాన్సు పేరు ఉంటే అది తీయించేదాకా డబ్బు ఇవ్వకూడదు. హైదరాబాద్ నుంచి వచ్చిన తెలంగాణ నంబరు బండి చవగ్గా దొరుకుతుంది, కానీ అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి, ఇక్కడ పన్ను కట్టి, నంబరు మార్పించుకునేసరికి ఆ చవక చాలామట్టుకు కరిగిపోతుంది. యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు చేయించుకుని "తర్వాత మార్పించుకుందాంలే" అని సొరుగులో పడేసే అలవాటు అమ్మినవాడికే ఎక్కువ ప్రమాదం. ఎవరో చేసిన యాక్సిడెంటుకు కాగితాల మీద ఆయనే యజమాని.

హెల్మెట్‌ను బండి ధరలో భాగంగా లెక్కేసుకోవాలి, మిగిలిన చిల్లరతో కొనేదిగా కాదు. 2021 జూన్ నుంచి ఐఎస్‌ఐ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్ తయారీ, అమ్మకం నిషేధం, అయినా రోడ్డు పక్క తాడుకు వేలాడే టోపీలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. షోరూంలో ఉచితంగా ఇచ్చేది వెనక కూర్చునేవాళ్లకు ఉంచి (చట్టం వాళ్లకూ తప్పనిసరి అంటోంది), నడిపేవాళ్లకు తల కొలత చూసి వేరేది కొనాలి. పట్టీ బిగించి, హెల్మెట్‌ను రెండు చేతులతో పక్కకు తిప్పితే చెంపల చర్మం కూడా కదలాలి, అది సరైన సైజు. ఎండకు తట్టుకోలేమనేవాళ్లు గాలి రంధ్రాలు ఎక్కువున్నది, లేత రంగుది చూసుకోవచ్చు.

షోరూంలో టెస్ట్ రైడ్ అంటే చాలామంది బందరు రోడ్డు మీద ఒక రౌండు వేసి, మూడో గేరులో ఒకసారి పిండి వచ్చేస్తారు. దానివల్ల తెలిసేది తక్కువ. ముందు ఇంజన్ ఆర్పి, హ్యాండిల్ పట్టుకుని బండిని వెనక్కి ఇరవై అడుగులు తోయాలి, పార్కింగ్‌లోంచి తీసినట్టు. తర్వాత డబుల్ స్టాండు వేసి చూడాలి. ఆ తర్వాత మొదటి గేరులో, కాళ్లు కింద పెట్టకుండా, నడిచే మనిషి వేగంతో యాభై అడుగులు పోవాలి. రోడ్డు వెడల్పులో యూటర్న్ తిప్పాలి, వెనక ఒక మనిషిని కూర్చోబెట్టుకుని ఇంకోసారి తిప్పాలి. ఈ నాలుగూ తడబడకుండా చేయగలిగిన బళ్లలోంచి నచ్చిన రంగు ఎంచుకోవచ్చు. చేయలేకపోయిన బండి ఎంత నచ్చినా అడ్వాన్సు కట్టకుండా బయటికి రావాలి, రెండేళ్ల తర్వాత కూడా అది షోరూంలోనే ఉంటుంది.